నేను లేని ఫోటోలు

మా ఇంటి నడవ గోడకు వరసగా ఫోటోలున్నాయి. భుజాన తువ్వాలు వేసుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చున్న మా ఆయన, వడియాలు పెడుతూ తల తిప్పి చూసిన మా అత్త, పేర్చిన పలకల దొంతర మీద ఎక్కి నిలబడ్డ మేకపిల్ల. అన్నీ నేను తీసినవే. అందుకే వాటిలో ఎక్కడా నేను లేను.

నా కూతురు పుట్టినప్పటి నుంచి నాకు ఒకటే కోరిక. మేమిద్దరం ఉన్న ఫోటో ఒకటి కావాలి. దాని మొహం, నా మొహం, రెండూ తేటగా కనిపించాలి. చదువుకున్నదానివి, ఇంత చిన్నదానికి ఇంత ఆరాటమేమిటని మా ఆయన అంటారు. ఆరాటమే. పిల్లకు కాస్త ఒళ్ళు వెచ్చబడితే దానికేమవుతుందోనని ఒక భయం. నాకు ఒళ్ళు వెచ్చబడితే ఇంకో భయం. నేను లేకుండా పోతే దానికి నా మొహం ఎలా తెలుస్తుంది? ఈ రెండో భయం నాకు ఊరికే పట్టుకోలేదు. మా అమ్మ మొహం నాకు తెలియదు. ఆమెను ఎవరూ ఫోటో తీయలేదా అంటే తీశారు. తీసింది మా నాయన. పిల్ల నిద్రపోయాక దొరికే ఈ కాస్త సమయంలో ఆ సంగతంతా రాసి పెట్టాలనిపించింది.

నాయన గిద్దలూరులో అడవి కచేరీలో గుమాస్తా. నేను పుట్టకముందు కర్నూలులో ఎవరో దొర ఊరు విడిచి పోతూ సామాను వేలం వేయిస్తే, పోయినవాళ్ళంతా కుర్చీలూ లాంతర్లూ పాడుకున్నారట. మా నాయన మాత్రం మూడుకాళ్ళ కెమెరా పాడుకుని బండిలో వేసుకుని వచ్చాడు. చెక్కపెట్టె, దాని ముందు ఇత్తడి చట్రంలో గాజుకన్ను, మధ్యలో తోలుతిత్తి, వెనక తల దూర్చడానికి నల్లగుడ్డ. ఒక్కో ఫోటోకు ఒక్కో గాజు ప్లేటు. అవి మద్రాసు నుంచి రైలు పార్సెలులో వచ్చేవి. గాజుకన్ను మీది మూత తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుని, మళ్ళీ మూయడమే ఫోటో తీయడమంటే. ఆ లెక్క పూర్తయ్యేదాకా ఎదురుగా ఉన్నవాళ్ళు ఊపిరి కూడా బిగబట్టాలి.

నేను కూర్చోవడం నేర్చుకున్న రోజుల్లో అమ్మను పెరట్లో కుర్చీలో కూర్చోబెట్టి, నన్ను ఒళ్ళో పెట్టి, నాయన నల్లగుడ్డలోకి దూరాడు. బయటికి వచ్చి, కదలవద్దని చెప్పి, మూత తీశాడు. నేను ఏడ్చాను. అమ్మ నా వైపు వంగింది. అంతే, ఫోటో అయిపోయింది.

ఆ ఫోటోలో కుర్చీ కాళ్ళు ఎంత తేటగా ఉండేవో చెప్పలేను. అమ్మ చీర అంచు మీద కుట్లు కూడా కనిపించేవి. మెడ పైన మాత్రం అంతా పొగ. ఆ పొగలో నిటారుగా ఉన్న మొహం ఒకటి, వంగిన మొహం ఒకటి కలిసిపోయి, రెండూ లేకుండా పోయాయి. ముక్కుపుడక మెరుపు తెల్లటి గీతలా సాగింది. నేనైతే మూటలా ఉన్నాను. మళ్ళీ తీద్దాంలే అనుకున్నారట. తీయలేదు. నాకు మూడో ఏడు నిండకముందే విషజ్వరంతో అమ్మ పోయింది.

పెద్దవుతున్నకొద్దీ నేను నాయనను అడుగుతూనే ఉన్నాను.

"నాయనా, అమ్మ ఎట్లుంటాది?"

"ఎట్లుంటాదంటే ఏం చెప్పేదమ్మాయ్! ఆ పొద్దు వెలుతురు చాల్లేదు. ఒక గంట ముందే కూర్చోబెట్టింటే మూత అంతసేపు తెరిచే పనే ఉండకపోను."

"మొహం ఎట్లుంటాదని అడుగుతుండా."

"అదే చెప్తుండా గదా. చెట్టు నీడ వచ్చి మీద పడింది."

ఎన్నిసార్లు అడిగినా ఆయన వెలుతురు దగ్గరికే పోయేవాడు. అమ్మ గుర్తొస్తే ఆయనకు ఏం నొప్పి కలిగేదో అప్పట్లో నాకు తట్టలేదు, నాకు ఒళ్ళు మండేది. అమ్మ పోయాక ఆయన మనుషుల్ని తీయడమే మానేశాడు. నల్లమల కొండలు, రైలు వంతెన, వెదురు మోపులు, సెలవు దొరికితే కంభం చెరువు కట్ట. "ఇవైతే మాట వింటాయి" అనేవాడు.

ఫోటోలు కడగడం నాకు ఆయనే నేర్పాడు. గింజలు పోసుకునే చీకటి కొట్టులో ఎర్రగాజు లాంతరు పెట్టుకుని, మందు కలిపిన నీళ్ళలో ప్లేటును ఊపుతూ ఉంటే కొండ మెల్లగా తేలి వచ్చేది. చలికాలంలో ఆ పని ఆట లాగా సాగేది. ఎండాకాలంలో మా ఊళ్ళో కుండలో నీళ్ళు కూడా వేడిగానే ఉంటాయి. ఆ వేడికి గాజు మీది మెత్తని పొర కరిగిపోయేది. ఒకసారి తేలి వచ్చిన కొండ తేలినట్టే పళ్ళెంలోకి జారిపోయింది. నేను ఏడుస్తూ చేతులతో పట్టుకోబోయాను. ఆ పొర గట్టిపడి ఆరినా బావి నీళ్ళలోని ఉప్పు తెల్లటి పొడలా మిగిలేది. ఇంత అవస్థ పడి ఎప్పుడూ కదలని కొండను తీయడమెందుకని అనుకునేదాన్ని. దాన్ని చూడాలంటే వాకిట్లోకి పోతే చాలు కదా.

కాలేజీకి మద్రాసు పోయేటప్పుడు నాయన నాకు డబ్బా కెమెరా కొనిచ్చాడు. నల్లటి అట్టడబ్బా, చంకలో పట్టేంత. మూడుకాళ్ళు లేవు, నల్లగుడ్డ లేదు, లెక్కలు లేవు. గాజుకు బదులు చుట్టిన ఫిల్ము. ఎండను వీపు వెనక పెట్టుకుని, డబ్బాను పొట్టకు ఆనించి, పైనున్న బుల్లి అద్దంలోకి తొంగి చూసి మీట నొక్కితే చాలు. ఒక చుట్టలో ఎనిమిది ఫోటోలు. నవ్వుతున్నవాళ్ళు నవ్వుతున్నట్టే పడేవాళ్ళు. మొదటి చుట్ట దుకాణం నుంచి తెచ్చుకుని చూసినప్పుడు, ఈ డబ్బా కొన్నేళ్ళ ముందు మా ఇంటికి వచ్చి ఉంటే అమ్మ మొహం నాకు దక్కేది కదా అని ఆ రోడ్డు మీదనే కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియలేదు.

హాస్టల్లో అందరి ఫోటోలూ తీశాను. నన్ను తీయమని ఎవరికైనా డబ్బా ఇస్తే, "అమ్మో, నాకు రాదు, నువ్వే తీయి" అని వెనక్కి ఇచ్చేవాళ్ళు. చివరి ఏడాది కాలేజీవాళ్ళు తీయించిన గుంపు ఫోటోలో నేనున్నాను. నా మొహం కందిగింజంత ఉంది.

ఇక పెళ్ళి ఫోటో. నాయన పాత కెమెరాను గంధం, కుంకుమ పెట్టి మరీ బయటికి తీశాడు. మా ఇద్దరినీ కదలకుండా నిలబెట్టాడు. నేను రెప్ప కూడా వేయలేదు. ఈసారి తప్పు మాలో లేదు. అంతకు ముందు వారం వెదురు బండిని తీసిన ప్లేటునే మరిచిపోయి మళ్ళీ వాడాడు. ఆ ఫోటోలో మా ఆయన బాగానే ఉన్నారు. నా మొహంలోంచి ఎద్దు కొమ్ము మొలిచింది. మా అత్తగారింట్లో దాన్ని గోడకు పెట్టలేదు. పెట్టమని నేనూ అడగలేదు.

మార్కాపురంలో మా అత్తవారిది పలకల వ్యాపారం. గని నుంచి రాయి వస్తుంది. పెరట్లో దాన్ని పొరలుగా చీల్చి, అరగదీసి, నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వడ్రంగి చేత చెక్క చట్రాలు వేయిస్తారు. ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా సన్నటి బూడిదరంగు దుమ్ము. మా అత్తకు ఆ దుమ్ముతో జన్మ వైరం. పలక మీద చిన్న మరక కనిపిస్తే చాలు, కూలివాళ్ళను పక్కకు నెట్టి తానే కూర్చుని రుద్దుతుంది. మరక ఉన్న పలక దుకాణంలో నిలవదని ఆమె లెక్క.

మా ఆయన మద్రాసుకు సరుకు పంపే పని మీద పోయి, నాకు మడత కెమెరా ఒకటి తెచ్చారు. మూస్తే పుస్తకమంత. తెరిస్తే తిత్తి ముందుకు వచ్చి నిలుస్తుంది. నాయన పెట్టెను చేత్తో నొక్కి చిన్నది చేసినట్టుంటుంది. డబ్బా కెమెరాలా నొక్కితే చాలదు. మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో అంచనా వేసి ఆ అంకె దగ్గర ముల్లు పెట్టాలి. తనంతట తానే మీట నొక్కే చిన్న మర ఒకటి దీనికి దొరుకుతుందట. దాన్ని తగిలించి మనం పోయి ఫోటోలో నిలబడవచ్చట. వెంటనే రాసి తెప్పించమన్నాను. రాశారు. ఇంతలో యుద్ధం వచ్చింది. మర రాలేదు. ఫిల్ము రావడం ఆగిపోయింది. ఊళ్ళో ఉన్న ఒక్క ఫోటో దుకాణం మూసేశారు. నా దగ్గర రెండు చుట్టలు మిగిలాయి. వాటిని రేకు డబ్బాలో పెట్టి, మూతకు మైనం పూసి, నీళ్ళ కుండ పక్కన తడి ఇసుకలో దాచాను.

పిల్ల పుట్టింది ఆ తర్వాతే.

"పుట్టెంటికలు తీసేదాకా బిడ్డను పటం కట్టకూడదు, ఆయుస్సు తగ్గుతాది" అని మా అత్త మొదటి రోజే చెప్పేసింది. పళ్ళు వచ్చేదాకా అద్దం కూడా చూపించకూడదట. అప్పటిదాకా ఆగడం నా వల్ల కాలేదు. పిల్లకు అయిదో నెలలో అత్త పెద్దారవీడులో చుట్టాలింటికి పోయిన రోజు, మడత కెమెరాలో ఒక చుట్ట వేసి మా ఆయన చేతిలో పెట్టాను. దూరం కొలిచి ముల్లు పెట్టి, ఇక్కడి నుంచి కదలవద్దని కాలితో గీత కూడా గీశాను. నేను పిల్లను ఎత్తుకుని నిలబడ్డాను.

"కొంచెం వెనక్కి పో" అన్నారు.

"ఎందుకండీ?"

"పలకల దొంతర సగమే పడుతుంది. మొత్తం పడితే మద్రాసు షావుకారుకు పంపొచ్చు గదా, సరుకు ఎంతుందో చూసుకుంటాడు."

"మీకు కావాల్సింది పలకలా, మేమా?"

"రెండూ పడతాయిలే. ఇంకొంచెం వెనక్కి."

అట్లా వెనక్కి పంపి పంపి ఆ చుట్టలో సగం అయిపోగొట్టారు. మిగిలిన వాటికి ఆయన్ను నమ్మదలచుకోలేదు. గదిలో నిలువుటద్దం ముందు పిల్లను చంకన వేసుకుని, కెమెరాను పీట మీద ఆనించి, అద్దంలో మా ఇద్దరినీ నేనే తీశాను. నాలుగడుగుల దూరం టేపుతో కొలిచి ముల్లు సరిగ్గా నాలుగు మీద పెట్టాను. పిల్ల అద్దంలో పిల్లను చూసి నిశ్చలంగా ఉండిపోయింది. ఇంత బాగా కుదిరిన ఫోటో నా జన్మలో తీయలేదనుకున్నాను.

ఇంట్లో మిగిలిన కాస్త మందుతో కడిగి చూసుకుంటే పలకల దొంతర అద్భుతంగా ఉంది. దాని పక్కన మేమిద్దరం చీమల్లా ఉన్నాము. అద్దం ఫోటోల్లో అద్దం చట్రం మీది చెక్కుడు పువ్వులు తేటగా ఉన్నాయి. ఎప్పుడో నా కాటుక వేలు తగిలి అద్దం మీద పడిన ముద్ర గీత గీతగా కనిపించింది. మా మొహాలు పొగ. అప్పుడు తెలిసింది నేను చేసిన పని. అద్దం నాలుగడుగుల్లో ఉంటే అద్దంలోని మనిషి ఎనిమిదడుగుల్లో ఉన్నట్టు లెక్క. కాలేజీలో కాంతి పాఠంలో ఆ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. వెలిసిపోతున్న అమ్మ ఫోటో పక్కన ఈ ఫోటో పెట్టి చూశాను. అదే పొగ. అక్కడ నాయన లెక్క, ఇక్కడ నా లెక్క.

మడత కెమెరా మీద నమ్మకం పోయింది. రెండో చుట్టను పాత డబ్బా కెమెరాలోనే వేశాను. దాన్ని ముట్టుకోకూడదని, పుట్టువెంట్రుకలు తీసే రోజు మొక్కున్న కొండ గుడి దగ్గర ఎవరో ఒకరి చేత నొక్కించాలని అనుకున్నాను. అయితే అప్పటికే మా వైపు నుంచి పట్టాళానికి పోయే పిల్లలు ఎక్కువయ్యారు. ఊళ్ళో కెమెరా ఉన్న ఇల్లు మాదేనని అందరికీ తెలుసు. ఒకరోజు మా అత్త లోపలికి వచ్చింది.

"మే అమ్మాయ్, గొర్రెలోళ్ళ బిడ్డ రేపు రైలెక్కుతున్నాడంట. వాళ్ళమ్మ మన వాకిట్లో కూర్చుని కదలడం లా. ఒక పటం కొట్టు."

"ఫిల్ము లేదత్తా."

"డబ్బాలో ఉండాది గదా."

"అది పిల్లకి దాచినా."

"పిల్ల యాడికి పోతాది? వాడైతే పోతున్నాడు."

"మరి పటం కడితే ఆయుస్సు తగ్గుతాదంటివి. ఆ అబ్బాయికి తగ్గదా?"

"వానికి పుట్టెంటికలు ఎప్పుడో తీసినారు లేవే!"

బయటికి పోయి ఆ తల్లిని చూశాక కాదనలేకపోయాను. ఆమెకు కావలసిందీ నాకు కావలసిందే కదా. ఒకరిని తీశాక ఇంకొకరిని ఎట్లా కాదంటాను? ఒక్కో తల్లి వచ్చింది, ఒక్కో ఫోటో పోయింది. అందరి తల్లులకూ కొడుకుల మొహాలు నా పుణ్యాన దక్కబోతున్నాయి, నా పిల్లకు మాత్రం దక్కదేమోనని అత్త మీద, యుద్ధం మీద, ఆ డబ్బా మీద విసుక్కుంటూనే తీశాను. చివరికి డబ్బా వెనక ఎర్రటి కిటికీలో ఎనిమిదో అంకె వచ్చి నిలిచింది. ఒక్కటే మిగిలింది. పిల్ల తలమీద వెంట్రుకలు అప్పటికి చెవుల మీదికి వచ్చాయి.

ఆ రోజుల్లోనే నాయన దగ్గర నుంచి కబురు వచ్చింది. ఆయన కచేరీ పని మాని కంభంలో తమ్ముడింటికి చేరాడు. కళ్ళకు మసకలు కమ్మాయి. ప్లేట్ల పెట్టె, మిగిలిన మందులు రైల్లో వేసి నాకు పంపుతున్నాడట. నా సంతోషం చెప్పలేను. అమ్మ ఫోటో సరిగా కడగకపోవడం వల్ల పసుపుపచ్చబడి, ఈ నాలుగైదేళ్ళలో దాదాపు చెరిగిపోయింది. ప్లేటు ఉంటే మళ్ళీ ప్రింటు వేయవచ్చు. ఈసారి నేను ముదురుగా వేస్తాను. ఆ పొగలో రెండు మొహాలున్నాయి కదా, ఒకదాన్నైనా పట్టుకోలేనా అని ఆశ.

పెట్టె మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగేసరికి నేను ఇంట్లో లేను. దొనకొండలో మా ఆయన వైపు వాళ్ళ పెళ్ళి ఉంటే పిల్లను తీసుకుని పోయాను. నాలుగు రోజుల తర్వాత తిరిగి వచ్చి నడవలో అడుగు పెట్టగానే గోడ కొత్తగా మెరుస్తోంది. నా ఫోటోల పైన ఇంకో వరస. లక్ష్మీదేవి, వెంకటేశ్వరస్వామి, నరసింహస్వామి, కృష్ణుడు. అన్నిటికీ పలకల చట్రాలు. చట్రాల్లో గాజు తళతళలాడుతోంది.

"అత్తా, ఈ అద్దాలు యాడివి?"

"మీ నాయన పంపినవే. పటాలన్నీ దుమ్ము పట్టి పోతుండాయని ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నా. సరిగ్గా మన చట్రానికి కొలిచినట్టు సరిపోయినాయి." ఆమె మొహం వెలిగిపోతోంది. "ఎంత మసి పట్టిందో తల్లీ వాటికి! కుంకుడు రసానికి పోలా. బూడిదకు పోలా. సలసల కాగే నీళ్ళలో చాకలిసోడా వేసి నానబెడితే అప్పుడు పొరలు పొరలుగా ఊడొచ్చింది. చేతులు చూడు, ఎట్ల పగిలినాయో."

నేను పిల్లను కింద దించేశాను. నల్లమల కొండలు, రైలు వంతెన, కంభం చెరువు, అన్నీ మా పెరటి కాలవలో పోయాయి. అమ్మ ప్లేటు ఏదో నాకు తెలుసు. నాయన చేయి జారి ఒక మూల చిన్న పెచ్చు లేచింది దానికి. వెతికితే లక్ష్మీదేవి ముందు దొరికింది. ఆ మూల పెచ్చు తప్ప దాని మీద ఇంకేమీ లేదు.

ఆ రోజు అన్నం వడ్డించాను, పిల్లకు నీళ్ళు పోశాను, ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడూ అంతే. "పెద్దావిడ, తెలియక చేసింది" అని మా ఆయన అంటే ఇంకా కోపం వచ్చింది. తెలియక చేసిందని నాకు తెలియదా? తెలిసి చేసి ఉంటే కనీసం పోట్లాడేదాన్ని. చివరికి అత్తే వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఏందమ్మాయ్, ఊరి నుంచి వచ్చింది మొదలు మూతి ముడుచుకునే ఉండావు. అద్దాలు నిన్నడక్కుండా వాడినాననా? అడిగితే వద్దంటావా ఏంది?"

"ఆ మసిలో మా అమ్మ ఉండింది అత్తా."

ఆమెకు అర్థం కాలేదు. నేను లేచి, అద్దంలో నేను తీసుకున్న పాడు ఫోటో ఫిల్మును తెచ్చి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాను. "చూడు. నల్లగా ఉండేది మొహం. తెల్లగా ఉండేది జుట్టు. దీన్ని కాగితం మీదికి దింపితే నలుపు తెలుపవుతాది." దాని ప్రింటు పక్కన పెట్టాను. అత్త ఫిల్ము వైపు, ప్రింటు వైపు మార్చి మార్చి చూసింది. పిల్లను పటం కట్టానని ఆ క్షణంలో ఆమెకు తెలిసిపోయింది. దాని మాటే ఎత్తలేదు.

"అంటే నేను రుద్ది పారబోసింది..."

"ఊఁ."

"ఎవరైనా ఒక మాట చెప్పాలి గదా! పెట్టె మీద రాయాలి గదా! నాకేం తెలుసు, మసి అనుకుంటిని." గొంతు పెద్దది చేసి అంది. నన్నే తిట్టినట్టుగా లేచి పెరట్లోకి పోయింది. చాలాసేపు రాయి మీద రాయి అరగదీస్తున్న చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున లక్ష్మీదేవి గోడ మీద లేదు. అత్త ఆ పటాన్ని విప్పి, గాజును కొంగుతో తుడిచి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మీ అమ్మ ఎట్లుండేది?"

"నాకు తెలీదత్తా. అందులోనూ సరిగా లేదు."

ఆమె గాజును నా ఒళ్ళో పెట్టింది. కాసేపు పిల్లను చూసింది. "ఆ డబ్బా తీసుకురా" అంది.

"ఏ డబ్బా?"

"ఏ డబ్బా ఏంది! పటాలు కొట్టేది. ఒకటుందంటివి గదా. బిడ్డను ఎత్తుకుని ఎండలోకి రా. నేను నొక్కుతా."

"పుట్టెంటికలు..."

"పోతే పోనీ, నేను మొక్కుకుంటాలే. రావే."

ఊరికే ఏమీ రానివ్వలేదు. ముందు పిల్ల బుగ్గ మీద రూపాయి బిళ్ళంత కాటుక చుక్క పెట్టింది. నా చెంపకూ ఒకటి పెట్టబోతే మొహం తిప్పుకున్నాను. ఉప్పు, మిరపకాయలు తెచ్చి మా ఇద్దరికీ దిష్టి తీసి, ఎందుకైనా మంచిదని డబ్బాకు కూడా తీసింది. నేను ఆమె వీపు ఎండ వైపు తిప్పి, డబ్బాను పొట్టకు ఆనించి, మీట చూపించాను. ఒక్కటే ఉందత్తా, తొందరపడవద్దు అని చెప్పాను.

ఆ డబ్బా పైనున్న అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. ఆ సంగతి చెప్పడం మరిచాను.

"ఇటు జరగండి. అటు పోతారేంది? ఇటు అంటే అటు పోతారేందే!"

"మేం కదల్లేదత్తా, డబ్బా తిప్పు."

"తిప్పితే నువ్వు ఇంకా అవతలికి పోతుండావు!"

"రెండో పక్కకి తిప్పు."

"నిలబడు, దొరికినావు. బిడ్డ తలకాయ ఉండాది. నీదీ ఉండాది. కదలమాక. నగు కొంచెం."

నేను రెప్ప వేయకూడదనుకున్నాను. ఎండ సూటిగా కళ్ళలోకి కొడుతోంది. మీట పడిన చప్పుడు అయింది.

నాయన పంపిన మందులతో, కార్తీకపు చన్నీళ్ళతో, ఆ తల్లుల ఫోటోలతో సహా చుట్టంతా నేనే కడిగాను. ఇంత జాగ్రత్తగా దేన్నీ కడగలేదు. ప్రింటు తేలి వస్తుంటే అత్త నా వెనకే నిలబడి ఉంది. ఫోటో ఒక పక్కకు వాలి ఉంది. అడుగున ఆమె నీడ పొడుగ్గా పడింది. కాటుక చుక్కతో సహా పిల్ల స్పష్టంగా ఉంది, నోరు తెరిచి నాయనమ్మనే చూస్తోంది. నేనూ స్పష్టంగా ఉన్నాను. పొగ లేదు, కొమ్ము లేదు. నా జడ పాయలు కూడా కనిపిస్తున్నాయి. కళ్ళు మాత్రం మూసుకున్నాను. గట్టిగా, చేదు మందు మింగినట్టు మూసుకున్నాను.

ప్లేటుకు దక్కనిది ఫిల్ముకు దక్కింది, తిత్తికి దక్కనిది డబ్బాకు దక్కింది, అన్నీ అయ్యాక నా రెప్పలే అడ్డం పడ్డాయి. ఇక ఫిల్ము లేదు. ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. పిల్లకు పుట్టువెంట్రుకలు తీయించాము. గుండుతో అది వేరే పిల్లలా ఉంది.

అత్త ఆ ఫోటోకు చట్రం వేయించింది. గాజు ఏది పెట్టిందో చెప్పనవసరం లేదు, మూల పెచ్చు కనిపిస్తూనే ఉంది. దాన్ని నా గది గోడకు తగిలించాక నేను రోజూ దాని ముందు నిలబడి నిట్టూర్చడం చూసి ఆమెకు విసుగొచ్చింది.

"ఏముందిప్పుడు దానికి? బాగానే ఉండాది గదా."

"కళ్ళు లేవు గదత్తా. రేపు అది పెద్దయి మా అమ్మ కళ్ళు ఎట్లుండేవని అడిగితే?"

"నేను లేనా? నేను చెప్తా దానికి."

నాకంటే ముందు పోయే వయసు నీదే కదా అని నోటిదాకా వచ్చింది. మా నాయన వెలుతురు గురించి చెప్పినట్టు ఈమె ఇంకేదో చెబుతుందేమోనని అనుమానం మాత్రం వచ్చింది. పరీక్ష పెడదామనిపించింది.

"ఏం చెప్తావు? ఇప్పుడు నాకు చెప్పు, వింటా."

అత్త దీపం తెచ్చి నా మొహం దగ్గర పెట్టి, పలక మీద మరక వెతికినట్టు, ఆ పక్క ఈ పక్క తిప్పి చూసింది.

"పెద్దవే. చివర్లు కొంచెం కిందికి వాలినాయి. ఎడమ కంట్లో చిన్న మచ్చుండాది, తెల్లగుడ్డు మీద, ఆవగింజంత. నీకు తెలుసా ఆ సంగతి?"

నాకు తెలియదు.

"ఇంకేముంది? ఎర్రగా ఉండాయి. రాత్రిళ్ళు కూర్చుని రాస్తావు గదా, నిద్ర లేదు. అది కూడా చెప్తాలే. పో, పోయి పడుకో."